కాటా ఎక్కని బరువు

కజురా దీవి
1996 మార్చి 31

ఒరేయ్ శూహే,

ఎలా ఉన్నావని అడగను. మొన్న నిన్ను పడవలోకి ఎక్కిస్తుంటే కళ్లారా చూశాను. నన్ను మాత్రం రేవులో తాడుకి ఇవతలే ఆపేశారు. "నేను వాడి మేనత్తనయ్యా! ఏడేళ్లప్పటి నుంచి పెంచింది నేనే!" అని అరిచాను. ఆ గాలికి నా గొంతు నాకే వినబడలేదు. నువ్వు తలైనా తిప్పలేదు. మెడ కదపొద్దని చెప్పి ఉంటారులే అని సరిపెట్టుకున్నాను.

నేను ప్రయాణికుల్ని తూచే కాటా గది గుమ్మంలో నిలబడి మొత్తం చూశానురా. నువ్వు నడుపుతున్న విమానం సగం రన్‌వే దాటింది, ముక్కు లేవలేదు. మోత ఒక్కసారిగా తగ్గింది. ఆగుతుంది, ఆగుతుంది అనుకుంటుంటే ఆగకుండా చివరిదాకా జారిపోయి, గడ్డి దాటి, కాలవ దాటి, తోమే అవ్వ చిక్కుడు మడిలో ముక్కు గుచ్చుకుని నిలబడింది. రాతిగోడ పదడుగులు కూలింది. నేను చెప్పుల్లేకుండా పరిగెత్తానని ఇంటికొచ్చాక గానీ తెలియలేదు.

నీతో కలిపి ఏడుగురూ ప్రాణాలతో ఉన్నారు. అది చాలు. కురాతా మాష్టారి కాలు రెండుచోట్ల విరిగిందట. ఆరేళ్లు మన పిల్లలకి చదువు చెప్పి, బదిలీ మీద వెళ్తున్న రోజునే ఇలా జరగాలా! నిప్పంటుకుంటుందేమోనని ఊరంతా కలిసి లోపలున్నవన్నీ బయటికి మోసేశారు. మాష్టారి సామాను మర్నాడు స్టీమరులో పంపేశాం.

తోమే అవ్వ గోడ గురించి నాతో ఒక్క మాట అనలేదు. ఆవిడ తిట్టకుండా ఊరుకుందంటేనే నాకు భయంగా ఉంది.

ఫోన్ చేద్దామనుకున్నాను. మీ క్వార్టర్స్ కాపలాదారు ఎత్తుతాడు. అతనితో మాట్లాడేసరికే నా ధైర్యం కాస్తా ఖర్చయిపోతుంది. అందుకే ఉత్తరం.

అన్నం తింటున్నావో లేదో ముందు రాయి.

మిత్సుయో అత్త


నాగసాకి
ఏప్రిల్ 7

అత్తా,

తింటున్నాను. రెండు పక్కటెముకలు చిట్లాయి. నవ్వితే నొప్పి. నవ్వే పని ఎలాగూ పడటం లేదు కాబట్టి ఇబ్బంది లేదు.

మాష్టారిని చూద్దామని ఆస్పత్రికి వెళ్లాను. వాకిలి దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను. పళ్లబుట్ట నర్సుకిచ్చాను. పేరు చెప్పలేదు.

దర్యాప్తు చేసేవాళ్లు త్వరలో నీ దగ్గరికీ వస్తారు. అడిగినదానికే జవాబు చెప్పు. కంగారులో నీకు మాటలు ఎక్కువొస్తాయి. నువ్వెంత చెబితే వాళ్లంత రాసుకుంటారు. చిన్నప్పుడు నేను గొడుగు పట్టుకుని పెంకుల మీంచి దూకిన కథ మాత్రం దయచేసి చెప్పకు.

గది కిటికీలోంచి విమానాశ్రయం కనిపిస్తుంది. పరదా వేసి ఉంచుతున్నాను.

శూహే


కజురా దీవి
ఏప్రిల్ 14

శూహే,

నీ ఉత్తరం పదిహేను వాక్యాలు దాటితే మీ కంపెనీ వాళ్లు జరిమానా వేస్తారా ఏమిటి! నాలుగుసార్లు చదివినా టీ చల్లారలేదు.

వాళ్లు వచ్చారు. ఇద్దరు. రబ్బరు బూట్లేసుకుని రన్‌వే అంతా టేపుతో కొలిచారు. తర్వాత కాటా గదికొచ్చి, ఆ రోజు బరువులు రాసిన కాగితం నా ముందు పెట్టారు.

"ఈ అంకెలు మీరు రాసినవేనా?"

"నేను రాసినవే."

"ప్రయాణికులందర్నీ సామానుతో సహా కాటా ఎక్కించారా?"

"ఎక్కించాను. పద్నాలుగేళ్లుగా అదే పని."

"కాటా సరిగ్గానే తూగుతుందా?"

"మీరే ఎక్కి చూడండి."

ఒకాయన ఎక్కాడు. డెబ్బై ఆరు చూపించింది. "డెబ్బై మూడే ఉండాలే!" అన్నాడు. రెండో ఆయన నవ్వు ఆపుకున్నాడు. మన తోమే అవ్వ నయం. కోటు, చెప్పులు విప్పేసి, ఊపిరి కూడా బిగబట్టి ఎక్కుతుంది. ఆవిడ మొహం చూసి ముల్లున్న పలకని వేరే వైపు తిప్పేస్తాను, ఎవరికీ కనబడకుండా.

నువ్వు చెప్పినట్టే అడిగినదానికే జవాబిచ్చాను. వాళ్లు అడగనిది నేను చెప్పలేదు. నువ్వు అలా రాశావంటే అన్నీ తెలిసే రాశావని అర్థమైంది. కానీ వాళ్లు వెళ్లాక అన్నం సహించలేదు.

విమానం లేకపోయినా ఎనిమిదింటికి గది తెరుస్తున్నాను. ఊడుస్తాను, కాటా తుడుస్తాను, కూర్చుంటాను. నాలుగింటికి మూసేస్తాను. ఒక్కరూ రారు. కొట్లోకి వెళ్తే అప్పటిదాకా గలగలమంటున్న వాళ్లు గప్‌చుప్‌మంటారు. చేపల షెడ్డులో ఆడవాళ్లు ఏమంటున్నారో నీకు వేరేవాళ్లు రాసేకంటే నేనే రాయడం మంచిది. "లేచేదే. శూహే బెదిరిపోయి మధ్యలో ఆపేశాడు. ఆపకుండా ఉంటే ఈపాటికి మాష్టారు కాళ్ల మీద తిరుగుతుండేవారు" అంటున్నారు. పట్టించుకోకు.

నీకు ఆ రోజు భయమేసిందా, నాయనా? వేసినా తప్పు లేదు.

మిత్సుయో


నాగసాకి
ఏప్రిల్ 22

అత్తా,

నాకు భయం వేయలేదు.

ఇది ఇక్కడ ప్రతివాడికీ చెప్పి అలిసిపోయాను. నీకూ చెప్పుకోవాల్సి వస్తుందనుకోలేదు. నువ్వు తయారుచేసిన కాగితం ప్రకారం విమానం మోయగలిగిన దానికంటే ఇరవై రెండు కిలోలు తక్కువే ఉంది. తడి రన్‌వే, గాలి కాస్త వెనక నుంచి వీచింది, అయినా లేవాల్సిందే అంటున్నారు. లేవాల్సిన విమానాన్ని పైలట్ బెదిరి ఆపాడు, అదీ ఆలస్యంగా ఆపాడు. ఇదీ ఇప్పటికి వాళ్లు తేల్చింది. జూన్ మొదట్లో ఖాయం చేస్తారు. అలా ఖాయమైతే నన్ను మళ్లీ విమానం నడిపే ఎడమ సీట్లో కూర్చోనివ్వరు. ఏ కంపెనీవాడూ కూర్చోనివ్వడు.

పన్నెండేళ్లు ఎగిరాను. విమానం బరువుగా ఉందంటే నా చేతులకి తెలుస్తుంది. ఆ రోజు తెలిసింది. ఇప్పుడు కాగితం ఒకటి చెబుతోంది, నా చేతులు ఒకటి చెబుతున్నాయి. అందరూ కాగితాన్నే నమ్ముతున్నారు. రోజూ ఆఫీసులో టైమ్‌టేబుల్ కాగితాలు మడతపెడుతూ ఈ చేతుల్నే చూసుకుంటున్నాను.

వాళ్లు అడగనిదేమిటో నాకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

శూహే


కజురా దీవి
ఏప్రిల్ 29

శూహే,

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. కోపంగా రాశావు. కోపం రావాల్సిందే. నీకు తెలియదంటున్నావు కాబట్టి చెబుతున్నాను. చదివాక నన్ను ఏమన్నా పడతాను.

ఆ రోజు సముద్రం పొగరుగా ఉండి స్టీమరు రద్దయింది కదా. మాష్టారు మర్నాటికల్లా కొత్త బడిలో చేరాలి. దాంతో విమానానికి మార్చుకున్నారు. బడి మాష్టారు బదిలీ అయితే ఊరంతా రేవుకొచ్చి సాగనంపడం మనకి కొత్త కాదు. స్టీమరుకైతే ఎంతిచ్చినా పడుతుంది. ఆ రోజు రేవుకి తేవాల్సినవన్నీ విమానం దగ్గరికి తెచ్చారు. వాన. అందరూ ఆలస్యంగా వచ్చారు. అప్పటికి మాష్టారిని కాటా ఎక్కించి, కాగితం రాసి, కిటికీలోంచి నీ చేతికిచ్చి సంతకం పెట్టించుకుని వచ్చేశాను.

"మిత్సుయో, ఈ ఒక్క జాడీ!" "ఇది మా ఇంటి ఎండుచేప, మాష్టారికి ఇష్టం." "ఇవి పిల్లలు ఇస్తున్నారు, కాదంటే ఏడుస్తారు." నేను కాదనలేకపోయాను. ఆరేళ్లు మన పిల్లల్ని సొంత పిల్లల్లా చూసిన మనిషికి ఇచ్చేది కాటా మీద పెట్టి, "ఇది పడుతుంది, అది పట్టదు" అని ఎలా అనను? మాష్టారూ ఒక్కరిదీ కాదనలేదు. ప్రతిదానికీ నడుం వంచి దణ్ణం పెట్టి తీసుకున్నారు. ఆయన ఒళ్లో, పక్కవాళ్ల ఒళ్లల్లో పెట్టాం. మిగతావి వెనక తలుపు తీసి నేనే సర్దాను. నా చేత్తో.

ప్రమాదం జరిగాక అవన్నీ కూడా బయటికి మోసేసి, మాష్టారి పెట్టెతో పాటు స్టీమరు ఎక్కించేశాం. దాచాలని కాదురా. ఆయన సామాను ఆయనకి చేరాలనే. దర్యాప్తు వాళ్లు వచ్చేసరికి విమానం ఖాళీ.

నువ్వు "అడిగినదానికే జవాబు చెప్పు" అని రాస్తే, నీకు తెలుసు, నన్ను కాపాడ్డానికే రాశావనుకున్నాను. ఇప్పుడు చూస్తే నన్ను కాపాడ్డానికి నిన్నే పణం పెట్టాను.

వాళ్లకి రాసేద్దామనుకున్నాను. "ఏవో కొన్ని పొట్లాలు ఎక్కించాం" అంటే ఎవరు నమ్ముతారు? మేనల్లుడి కోసం అల్లిన కథంటారు. ఇంటింటికీ తిరిగి అడిగాను, ఎవరెంత ఇచ్చారో చెప్పండని. "మేమిచ్చిందెంత, ఓ చేపముక్క." "మాష్టారి కాలు మా వల్ల విరిగిందంటావా?" "ఇలాంటివి రాస్తే మన దీవికి విమానమే రానివ్వరు, చూసుకో." తోమే అవ్వ తలుపే తీయలేదు. లోపల రేడియో మోగుతోంది.

నీ చేతులు చెప్పింది నిజం. దానికి సాక్ష్యం నేనొక్కదాన్నే.

మిత్సుయో


నాగసాకి
మే 5

అత్తా,

వాళ్లకి రాయకు. ఎందుకో చెబుతాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

నేను చూశాను.

బెల్టులు పెట్టుకున్నారో లేదో చూద్దామని వెనక్కి తిరిగాను. అందరి ఒళ్లల్లోనూ జాడీలు, పొట్లాలు. మాష్టారి గడ్డం దాకా ఉన్నాయి. వెనక తలుపు మూసిన చప్పుడూ విన్నాను. అందర్నీ దింపి, మళ్లీ తూకం వేయించాల్సింది. అది నా పని, నీది కాదు. కానీ తాడు అవతల వానలో ఊరంతా నిలబడి ఉంది. చిన్నప్పుడు అమ్మ వెళ్లిపోయాక నాకు తలా ఇంత అన్నం పెట్టినవాళ్లు. వాళ్లిచ్చినవి వాళ్ల కళ్లముందే కిందికి దింపించడానికి మొహం చెల్లలేదు. టోపీ పెట్టుకోగానే వీడికి కళ్లు నెత్తికెక్కాయి అనుకుంటారని సిగ్గుపడ్డాను. ముప్ఫై కిలోలుంటాయని కంటితోనే అంచనా వేసుకుని బయల్దేరాను.

నీకు తెలియని సంగతి ఇంకొకటి. కజురా వచ్చిన ప్రతిసారీ నా సీటు వెనక నువ్వు పెట్టే డబ్బా ఏ కాగితంలోనూ ఉండదు. మొదటిసారి ఇంటికెళ్లి తూచాను. నాలుగు కిలోలు. అప్పట్నుంచి నీ కాగితం తీసుకోగానే మనసులో నాలుగు కలుపుకుంటాను. ఆ రోజూ కలుపుకున్నాను.

చూశానని చెబితే నా పని అయిపోతుంది. చూడలేదంటే నిన్ను తప్పుపడతారు. అందుకే బెదిరి ఆపానని వాళ్లు అనుకుంటే అనుకోనీ అనిపించింది. నువ్వు ఆ ఊళ్లో బతకాలి. వాళ్లు మాట్లాడకపోతే నీకు ఆ దీవిలో గాలి, గోడలు తప్ప ఎవరున్నారు? నేను ఎక్కడైనా బతుకుతాను. ఎక్కడున్నా ఒక్కణ్ణే కదా.

ఇక ఈ విషయం రాయకు.

శూహే


కజురా దీవి
మే 13

శూహే,

రాయొద్దన్నావు. రాస్తున్నాను.

నేనిక్కడ ఎలా బతకాలో నువ్వు తీర్మానించావు. నువ్వెలా బతకాలో నేను తీర్మానిస్తే ఊరుకుంటావా? ఒక్కణ్ణే అని ఎంత తేలిగ్గా రాశావురా! ఆ మాట చదివి వంటింట్లో కూర్చుని ఏడ్చాను. తర్వాత లేచి మొహం కడుక్కుని, ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి, చేపల సంఘం గోడకి అంటించి వచ్చాను. "ఆదివారం పదింటికి కాటా గది దగ్గరికి రండి. ఆ రోజు మాష్టారికి ఏమిచ్చారో అవే, అంతే బరువువి తీసుకురండి. తూచాక తీసుకెళ్లిపోవచ్చు. శూహే బెదిరి ఆపాడో, మనం బరువు పెట్టి ఆపించామో తేలాలి. మిత్సుయో."

నిన్న పొద్దున్నే గది తుడిచి, కాగితాలు పెట్టుకుని కూర్చున్నాను. పది అయింది. పదకొండయింది. రోడ్డు మీద ఇద్దరు ముగ్గురు కనిపించారు, ఇటు చూసి వేరే దారిన పోయారు. పన్నెండింటికి తెచ్చుకున్న అన్నం తిన్నాను. నలభై ఏళ్లుగా ఈ మనుషుల మధ్యే ఉన్నాను, ఒంటరిదాన్నని ఎప్పుడూ అనిపించలేదు. నిన్న అనిపించింది.

ఒంటిగంట దాటాక తోమే అవ్వ వచ్చింది. పిల్లల బండిలో సోయా మిసో ముద్ద జాడీ పెట్టుకుని తోసుకుంటూ.

"విమానం దగ్గర ఒక జాడీ అని చెప్పాను గదా, రెండు" అంది.

"రెండోది ఏదవ్వా?"

"ఇంటి దగ్గరుంది. నడుం పట్టేసింది. ఇదే రెండుసార్లు తూచుకో." తూచాను. ఆవిడ ముల్లు వంక చూడనే లేదు. "నువ్వు తలుపు తట్టిన రోజు రేడియో పెద్దగా పెట్టుకున్నానులే. నువ్వు పిలిచింది వినబడింది. ఏదీ, సంతకం ఎక్కడ పెట్టాలి?"

పెట్టి, కాటా పక్కన బెంచీ మీద కూర్చుండిపోయింది. ఆవిడ బండి బయట ఉండటం చూసి చేపల షెడ్డు యాసుయే వచ్చింది, ఎండుచేపల కట్టతో. తర్వాత నూనె సీసాలు, చిలగడదుంప బిళ్లలు, సేమియా కట్టలు. తేవడం, పెట్టడం, సంతకం చేయడం, గోడవారన నిలబడటం. చివర్న బడి పిల్లలు ఏడుగురూ సంచీ ఈడ్చుకుంటూ వచ్చారు. మాష్టారికి ఒక్కొక్కరూ ఒడ్డున ఏరిన రాయి మీద తమ బొమ్మ వేసి ఇచ్చారట. అంతే ఉన్న రాళ్లు ఏరి తెచ్చారు. పన్నెండు కిలోలు. వాళ్ల అమ్మలు తలొంచుకున్నారు. నేను ఆ పిల్లల్ని ఒక్క మాట అనలేదు. ఎవరినీ అనలేదు.

అన్నిటికన్నా ఆఖరున నా డబ్బా. అదీ చెప్పాలి. కొత్త సంవత్సరానికి నువ్వు రాలేదు. సెలవు దొరకలేదన్నావు. అప్పుడు నీకోసం చేసినవన్నీ ఎండబెట్టి దాచి, ఆ రోజు పెద్ద డబ్బాలో కుక్కి పెట్టాను. అలాగే మళ్లీ కుక్కి కాటా మీద పెట్టాను. తొమ్మిది కిలోలు. నువ్వు నాలుగే కలుపుకున్నావు.

మొత్తం ఎనభై మూడు. "టికెట్టు లేని ఇంకో మనిషిని ఎక్కించామన్నమాట" అంది యాసుయే.

ముప్ఫై ఒక్క సంతకాలతో ఆ కాగితం ఇవాళ పోస్టులో వేశాను. కాటా అయ్యాక బరువులు ఎక్కించింది నేనేనని కింద రాశాను. నువ్వు చూసిన సంగతి రాయలేదు. అది నీది. చెబుతావో మానతావో నీ ఇష్టం.

మిత్సుయో అత్త


నాగసాకి
జూన్ 3

అత్తా,

చెప్పాను.

నీ కాగితం వాళ్ల బల్ల మీద ఉంది. సంతకాలు చాలావరకూ వంకరటింకరగా ఉన్నాయి. పిల్లలవి పెన్సిలుతో ఉన్నాయి. అది చూశాక, "నాకు తెలియదు" అని ఎలా అనను? వెనక్కి తిరిగి చూశాను, చూసీ బయల్దేరాను అన్నాను. రాసుకున్నారు.

ఆరు నెలలు ఎగరకూడదు. తర్వాత రెండేళ్లు పక్క సీటు. ఆ పైన చూద్దామన్నారు. తీసేస్తారనే అనుకున్నాను. నిన్ను కాటా గది నుంచి తప్పిస్తున్నట్టు కాగితం వస్తుందని చెప్పారు. ఈపాటికి వచ్చే ఉంటుంది. పద్నాలుగేళ్ల పని నావల్ల పోయింది.

రబ్బరు బూట్ల పెద్దాయన, ఆ డెబ్బై ఆరు కిలోలాయనే, వెళ్లేముందు నన్ను బయటికి పిలిచాడు. "కొత్త బరువుతో మళ్లీ లెక్కవేశాం. ఆ వానలో, ఆ గాలిలో అది లేచేది కాదు. నువ్వు ఆపకపోయుంటే చిక్కుడు మడి దాటి కొండ అంచు మీంచి సముద్రంలోకే. ఏడుగురూ" అన్నాడు. భుజం తట్టి వెళ్లిపోయాడు.

మాష్టారి దగ్గరికి ఈసారి లోపలిదాకా వెళ్లాను. కాలికి ఇంకా కట్టు ఉంది. నేను వంగి క్షమించమంటుంటే, "తీసుకోనని ఒక్కరికైనా చెప్పలేకపోయాను శూహే, ఆ తప్పు నాదీ" అన్నారు. నీ డబ్బా ఆయన సామానులో కలిసి వెళ్లిందట. ఎవరిదో తెలియక వార్డంతా పంచుకుని తిన్నారు. బాగుందని చెప్పమన్నారు.

ఇప్పుడు అసలు మాట. నీకు నేను అబద్ధం రాశాను. చేతులకి తెలిసిందని, భయం వేయలేదని గొప్పలు పోయాను. చేతులకి తెలిసింది నిజమే. కానీ తెలిశాక కూడా లాగి చూద్దామనే అనిపించింది. అందరూ చూస్తున్నారు, ఎలాగైనా లేపాలనుకున్నాను. అప్పుడు రన్‌వే చివర గడ్డి కనిపించింది. దాని అవతల ఏమీ లేదు, ఒట్టి నీళ్లే. నాన్నని మింగిన నీళ్లు. భయమేసింది అత్తా. ఆ భయంతోనే ఆపాను. చేపల షెడ్డులో వాళ్లన్నది నిజమే. నువ్వు అడిగినప్పుడే ఒప్పుకుని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. భయపడ్డాను కాబట్టే ఏడుగురం ఉన్నాం. ఈ మాట చెప్పుకోవాలంటే నాకు నువ్వు తప్ప ఎవరూ లేరు.

శనివారం స్టీమరుకి వస్తున్నాను. తోమే అవ్వ గోడ కట్టాలి, నాకు ఆరు నెలలు వేరే పని లేదు. ఊళ్లో ఎవరికీ చెప్పకు. రేవులో నువ్వొక్కదానివే ఉండు. ఈసారి తల తిప్పి చూస్తాను.

శూహే